7 నంబరు రైలు సొరంగానికి పియానోల వాళ్ల పేరెందుకు? విలియం స్టైన్‌వే గురించి మాట్లాడుకుందాం

క్వీన్స్_గోదారోడు

న్యూయార్క్‌లో, అందులోనూ క్వీన్స్‌లో ఉండేవాళ్లకి స్టైన్‌వే అన్న పేరు రోజూ ఎక్కడో ఒకచోట తగులుతుంది. అస్టోరియాలో స్టైన్‌వే స్ట్రీట్ ఉంది, ఆ పేరుతోనే సబ్‌వే స్టేషన్ ఉంది. మనవాళ్లు ఫ్లషింగ్ గణేశుడి గుడికి ఎక్కే 7 నంబరు రైలు మాన్‌హాటన్ నుంచి ఈస్ట్ రివర్ కింద దాటే సొరంగం పేరు కూడా స్టైన్‌వే టన్నెలే. పియానోలు చేసుకునే కుటుంబానికి రైళ్లతో, సొరంగాలతో పనేంటని వెతుకుతూ పోతే ఒక మనిషి దగ్గర ఆగాను. విలియం స్టైన్‌వే.

ఈయన కంపెనీ పెట్టిన పెద్దాయన కాదు, ఆ పెద్దాయన నాలుగో కొడుకు. 1835 మార్చి 5న జర్మనీలో బ్రన్స్‌విక్ సంస్థానంలోని జేసెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అప్పటి ఇంటిపేరు ష్టైన్‌వేగ్. 1850లో కుటుంబం ఓడెక్కి న్యూయార్క్ చేరింది. వచ్చీరాగానే సొంత షాపు పెట్టలేదు. తండ్రీ కొడుకులు తలో పియానో షాపులో జీతానికి చేరి, అమెరికాలో పని ఎలా సాగుతుందో చూసుకున్నారు. కుర్రాడైన విలియం నన్స్ అనే కంపెనీలో అప్రెంటిస్‌గా కుదిరాడు. 1853 మార్చి 5న, అంటే సరిగ్గా విలియంకి 18 నిండిన రోజున, వారిక్ స్ట్రీట్‌లో స్టైన్‌వే అండ్ సన్స్ మొదలైంది.

అక్కణ్ణుంచి 1896లో చనిపోయేదాకా ఈయన వేలు పెట్టని ఊరి వ్యవహారం లేదు. బడి, గుర్రపు ట్రాములు, ఫెర్రీ, బీచి, బ్యాంకు, జర్మన్ ఆసుపత్రి, సిటీ హాల్ అవినీతి మీద పోరాటం, చివరికి న్యూయార్క్ సబ్‌వే ప్లానింగ్ కమిషన్‌కి అధ్యక్షుడు. చదివినకొద్దీ నాకు ఇష్టమూ పెరిగింది, అనుమానమూ పెరిగింది. ఎందుకంటే ప్రతి మంచి పనిలోనూ ఎక్కడో ఆయన భూమో, ఆయన కంపెనీ షేరో ఉంటుంది. దీన్ని ప్రజాసేవ అనాలా, వ్యాపారం అనాలా? మీరేమంటారు?

సరిగమ

మంచి టాపిక్. నాకు ఈయన తెలిసింది సంగీతం వైపు నుంచి. 1866లో ఈస్ట్ 14వ స్ట్రీట్‌లో స్టైన్‌వే హాల్ కట్టించాడు. 2000 మందికి పైగా పట్టే హాలు. కార్నెగీ హాల్ 1891లో వచ్చేదాకా న్యూయార్క్‌లో పెద్ద కచేరీలకి అదే అడ్డా. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ తన రచనలు చదివి వినిపించింది కూడా అక్కడే. హాల్లోకి వెళ్లాలంటే పియానోల షోరూం మీదుగానే దారి. సంగీతం వినడానికి వచ్చినవాడు పియానోలు చూడకుండా బయటికి పోలేడు!

1872-73లో రష్యన్ పియానిస్టు ఆంటన్ రూబిన్‌స్టైన్‌ని పిలిపించి అమెరికా అంతా తిప్పాడు. ఆ ఒక్క టూరులో 215 కచేరీలు. మార్కెటింగే, కాదనను. కానీ అంతవరకు అలాంటి కచేరీ మొహం చూడని ఊళ్లు కూడా రూబిన్‌స్టైన్‌ని విన్నాయి.

విలియం తనూ పాడేవాడు. మంచి టెనర్ గొంతు, అంటే మగవాళ్ల స్వరాల్లో పై స్థాయిది. న్యూయార్క్ జర్మన్ల లీడర్‌క్రాంజ్ అనే గానసభకి ఎన్నోసార్లు అధ్యక్షుడు. ఆ సభలో పాటతో పాటు బీరు, రాజకీయం, పెళ్లి సంబంధాలు, అప్పులు అన్నీ నడిచేవి. ఊరి పెద్దమనిషి హోదా ఈయనకి సిటీ హాల్లో కంటే ముందు అక్కడే వచ్చిందని నా లెక్క.

చెక్కపని

నేను వడ్రంగం కుటుంబం వాణ్ణి, అందుకని పనితనం గురించి రెండు ముక్కలు.

తండ్రి హైన్రిష్ ఎంగెల్‌హార్డ్ అసలు ఫర్నిచర్ చేసే వడ్రంగి. 1836లో జేసెన్‌లో ఇంట్లోనే చేసిన గ్రాండ్ పియానోని ఇప్పటికీ కిచెన్ పియానో అంటారు. న్యూయార్క్‌లో సొంత షాపు పెట్టాక కొడుకులు పని పంచుకున్నారు. విలియం వాటాకి వచ్చింది సౌండ్‌బోర్డ్. ఆ పని చేసేవాణ్ణి పియానో షాపుల్లో బెల్లీమన్ అనేవారు.

సౌండ్‌బోర్డ్ అంటే స్ప్రూస్ చెక్కతో చేసే పల్చటి పెద్ద పలక. దీన్ని చదునుగా వదలరు. కింద అడ్డంగా బద్దలు అతికించి మధ్యలో కొంచెం ఉబ్బు తెప్పిస్తారు. పైన తీగలన్నీ కలిసి టన్నుల బిగువుతో లాగుతుంటాయి. ఆ బిగువులో కొంత బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క బద్ద) మీదుగా పలకని కిందికి నొక్కుతుంది. ఉబ్బు తక్కువైతే పలక కుంగిపోయి స్వరం చచ్చిపోతుంది. చెక్క తడి సరిగ్గా ఆరకపోతే ఒకటి రెండు శీతాకాలాల్లోనే పగులు. అంటే ఓపిక, చెవి, చెయ్యి మూడూ ఉండాలి. విలియంకి చెవి పుట్టుకతోనే ఉందంటారు.

1864లో ఇంటిపేరు చట్టప్రకారం స్టైన్‌వే అయింది. ఆ మరుసటి ఏడే అన్నలు హెన్రీ, చార్లెస్ ఇద్దరూ పోయారు. జర్మనీలో ఉండిపోయిన పెద్దన్న థియొడోర్ వచ్చి పని సంగతి, కొత్త డిజైన్ల సంగతి చేపట్టాడు. డబ్బు, అమ్మకాలు, మనుషులు విలియం మీద పడ్డాయి. బెంచీ దగ్గర నిలబడి చేసినవాడు ఆఫీసులో కూర్చోవాల్సొచ్చింది. మీరు చెప్పే పెద్దమనిషి విలియం అక్కడే తయారయ్యాడు.

ఓరుగల్లు_పిల్ల

ఒక డౌట్ అన్నా. జర్మనీలో షాపు నడుస్తుంటే మొత్తం కుటుంబం ఎందుకు వచ్చేసినట్టు? అంత కష్టమొచ్చిందా?

చరిత్ర_పిచ్చి

@ఓరుగల్లు_పిల్ల గారూ, రెండు కారణాలు. అప్పటికి జర్మనీ ఒక దేశం కాదు, చిన్నా పెద్దా రాజ్యాల గుంపు. పొరుగు రాజ్యంలో సరుకు అమ్మాలంటే మధ్యలో సుంకాలు. జేసెన్ లాంటి చిన్న ఊళ్లో కూర్చుని పియానో లాంటి ఖరీదైన వస్తువు అమ్మాలంటే ఇది పెద్ద దెబ్బ. రెండోది 1848 తిరుగుబాట్లు. రెండో కొడుకు కార్ల్, అదే చార్లెస్, 1849లో ముందుగా న్యూయార్క్ వచ్చి పరిస్థితి చూసి ఇంటికి కబురు పెట్టాడు. వ్యాపారం చూసుకోవడానికి థియొడోర్ అక్కడే ఉండిపోయాడు, మిగతావాళ్లు బయల్దేరారు.

వచ్చింది కూడా తెలియని చోటికి కాదు. అప్పటికే మాన్‌హాటన్ దిగువ తూర్పు భాగంలో క్లైన్‌డాయిచ్‌లాండ్ అని పెద్ద జర్మన్ పేట ఉంది. జర్మన్ పత్రికలు, చర్చీలు, బీరు తోటలు, పాటల సభలు అన్నీ ఉన్నాయి. ఇంగ్లిష్ రాకపోయినా బతుకు గడిచిపోయేది. విలియం మాత్రం తన డైరీ ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. 1861 ఏప్రిల్‌లో పెళ్లికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి 1896 నవంబర్‌లో చనిపోయే ముందు దాకా. ఇప్పుడది స్మిత్‌సోనియన్ వాళ్ల దగ్గరుంది, ఆన్‌లైన్‌లో చదవొచ్చు. అంతర్యుద్ధం, సమ్మెలు, కచేరీలు, కీళ్లనొప్పులు అన్నీ వరసగా ఉంటాయి. కీళ్లనొప్పులు మరీ ఎక్కువ!

1863లో సైన్యంలో బలవంతపు భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో అల్లర్లు జరిగినప్పుడు గుంపు వీళ్ల ఫ్యాక్టరీ మీదికి కూడా వచ్చింది. డబ్బిచ్చి, నచ్చజెప్పి పంపించారు. ఊరి శాంతిభద్రతల గురించి విలియంకి ఉన్న పట్టింపు అక్కడ మొదలై ఉంటుందని నాకనిపిస్తుంది. సిటీ హాల్ నుంచి కోట్లు దోచుకున్న ట్వీడ్ ముఠా మీద 1871లో కమిటీ ఆఫ్ సెవెంటీ అని పౌరుల సంఘం లేచింది. అందులో ఈయనా సభ్యుడు.

యూనియన్_మాట

ఇంతసేపూ పాట, పనితనం, పెద్దరికం. ఆ పియానోలు చేసిన చేతుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను.

1872లో న్యూయార్క్‌లో 8 గంటల పనిదినం కోసం పెద్ద ఎత్తున సమ్మెలు జరిగాయి. రకరకాల వృత్తుల వాళ్లు, లక్ష మంది దాకా. స్టైన్‌వే పనివాళ్లూ దిగారు. విలియం జీతం పెంచుతానన్నాడు కానీ 10 గంటలు తగ్గించనన్నాడు. ఫ్యాక్టరీకి పోలీసు కాపలా పెట్టించాడు, లాఠీలు లేచాయి. సమ్మె ఓడిపోయింది. 1880లో మళ్లీ సమ్మె.

అస్టోరియాకి ఎందుకు వెళ్లాడో ఆయనే స్వయంగా చెప్పాడు. 1883లో కార్మికులు, పెట్టుబడి మధ్య సంబంధాల మీద సెనేట్ కమిటీ విచారణ పెట్టింది. అక్కడ ఈయన ఇచ్చిన సాక్ష్యం చదవండి. అనార్కిస్టులు, సోషలిస్టులు మా పనివాళ్లని ఎగదోస్తున్నారు, వాళ్లకి దూరంగా ఉండాలనే ఊరి బయట స్థలం చూసుకున్నాం అన్నది దాని సారాంశం. ఇల్లూ వాకిలీ ఇస్తే పనివాడు కుదురుగా ఉంటాడని కూడా. కాబట్టి ఆ బడి, ఆ పార్కు, ఆ లైబ్రరీ ఎందుకు పుట్టాయో మనం ఊహించక్కర్లేదు.

క్వీన్స్_గోదారోడు

@యూనియన్_మాట అన్నా, ఆ సాక్ష్యం నేనూ చదివాను. దాచిపెట్టకుండా చెప్పాడు కదా, ఆ మాత్రం ఒప్పుకో! ఇప్పటి సీఈవో ఎవడైనా అలా చెప్తాడా?

కానీ ఊరి సంగతి పూర్తిగా చూద్దాం. 1870లో అస్టోరియాలో సుమారు 400 ఎకరాలు కొన్నాడు. నీటి ఒడ్డు కాబట్టి దుంగలు తేలుతూ వచ్చేవి, వాటిని నానబెట్టే చెరువు, పక్కనే రంపపు మిల్లు, పియానోలో ఇనుప చట్రం పోత పోసే ఫౌండ్రీ. వాటి చుట్టూ వీధులు, ఇటుక ఇళ్లు. ప్రభుత్వ బడిలో జర్మన్, సంగీతం నేర్పడానికి టీచర్ల జీతం తను ఇచ్చాడు. చిన్నపిల్లలకి ఉచిత కిండర్‌గార్టెన్, ఒక లైబ్రరీ, పోస్టాఫీసు, స్నానాల ఘట్టం, చర్చికి స్థలం.

ఇక్కడ ఒక తేడా ఉంది. అదే కాలంలో షికాగో దగ్గర రైలు పెట్టెల పుల్‌మన్ కట్టిన ఊళ్లో ఇళ్లన్నీ అద్దెవే. పనివాడికి సొంతం చేసుకునే దారి లేదు. జీతాలు కోసి అద్దె తగ్గించకపోవడంతో 1894లో అది దేశమంతా పాకిన సమ్మె అయింది. స్టైన్‌వే ఊళ్లో స్థలాలు, ఇళ్లు అమ్మారు. ఫ్యాక్టరీలో పని చెయ్యనివాళ్లు కూడా కొనుక్కున్నారు. ఆ ఊరు ఫ్యాక్టరీ గేటు లోపల ఇరుక్కుపోలేదు, మామూలు పేటగా పెరిగింది. ఇప్పుడక్కడ గ్రీకులు, ఈజిప్టు వాళ్లు, బంగ్లాదేశీలు, మనవాళ్లూ ఉంటున్నారంటే కారణం అదే.

యూనియన్_మాట

సొంతిల్లు బాగానే ఉంది తమ్ముడూ. నెలనెలా కిస్తీ కట్టేది ఎవరికి? సమ్మెలోకి దిగితే కిస్తీ ఎలా కడతాడు? హెచ్‌1బీ మీద ఇల్లు కొన్నవాణ్ణి అడుగు, మేనేజర్‌కి ఎదురు మాట్లాడే ధైర్యం ఎంతుంటుందో చెప్తాడు.

ఓరుగల్లు_పిల్ల

అమ్మో, అంత దగ్గరికి రాకండి 😅

బెజవాడ_బుల్లోడు

ఆయన భార్య గురించి, విడాకుల గురించి కూడా చెప్పండి. డైరీలో అంతా ఉందట కదా, అప్పట్లో పెద్ద గొడవంట.

మోడరేటర్

మొదటి భార్యతో 1876లో విడాకులు, 1880లో రెండో పెళ్లి. అంతవరకు చాలు. చర్చ ఆయన ఊరి పనుల గురించి, అక్కడే ఉంచండి.

కాంక్రీట్_బాబు

టన్నెల్ పని నా వృత్తి. ఈ థ్రెడ్ నాకోసమే పెట్టినట్టుంది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1880ల నాటికి న్యూయార్క్‌లో ఎత్తు స్తంభాల మీద ఆవిరి రైళ్లు నడిచేవి. కింద నడిచేవాళ్ల మీద బొగ్గు నుసి, నూనె చుక్కలు. రద్దీ భరించలేనంత. 1888లో మేయర్ అబ్రామ్ హ్యూవిట్ సిటీ డబ్బుతో భూగర్భ రైలు వేద్దామన్నాడు, ఎవరూ కలిసిరాలేదు. తరవాతి మేయర్ హ్యూ గ్రాంట్ 1890లో ఒక కమిషన్ వేశాడు, అందులో విలియం ఉన్నాడు. 1891లో రాష్ట్రం కొత్త చట్టం చేసి మరో కమిషన్ వేసింది. దానికి ఈయనే అధ్యక్షుడు. ఇంజనీర్ విలియం బార్‌క్లే పార్సన్స్ లాంటివాళ్ల చేత సర్వేలు చేయించి, బ్రాడ్‌వే కింద ఏ లోతున, ఎన్ని పట్టాలు, ఆవిరి కాకుండా ఏ శక్తితో నడపాలి అన్నవి తేల్చారు.

ప్లాను బాగుంది. డబ్బు మాత్రం ప్రైవేటు వాళ్లే పెట్టాలన్నది రూలు. 1892 డిసెంబర్‌లో హక్కుల్ని వేలానికి పెడితే నమ్మదగ్గ పాటగాడు ఒక్కడూ రాలేదు. వీధి కింద తవ్వడానికి కోట్ల డాలర్లు పోసి, ఎప్పుడో వచ్చే టికెట్ డబ్బుల కోసం ఎవరు కూర్చుంటారు?

1894లో చట్టం మళ్లీ మార్చి, సిటీ డబ్బుతో కట్టాలా వద్దా అని ఓటర్లనే అడిగారు. జనం భారీగా అవునన్నారు. కొత్త కమిషన్‌కి అధ్యక్షుడు అలెగ్జాండర్ ఓర్, విలియం అందులో సభ్యుడిగా కొనసాగాడు. పార్సన్స్ చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. 1904 అక్టోబర్ 27న సబ్‌వే మొదలైంది. అప్పటికి విలియం పోయి 8 ఏళ్లు.

ఇదంతా పబ్లిక్ పని. దీని పక్కనే ఆయన సొంతపని ఇంకోటి నడిచింది. మాన్‌హాటన్ 42వ స్ట్రీట్ నుంచి నది కింద లాంగ్ ఐలాండ్ సిటీకి సొరంగం. 1887లో పెట్టిన రైల్వే కంపెనీ అది. అందులో ఈయన పెద్ద వాటాదారు. 1892 జూన్‌లో తవ్వకం మొదలుపెట్టారు. డిసెంబర్ 28న లాంగ్ ఐలాండ్ సిటీ వైపు షాఫ్ట్ (సొరంగంలోకి దిగే నిలువు బావి) దగ్గర ఉంచిన డైనమైట్ పేలింది. 5గురు పోయారు, చుట్టుపక్కల ఇళ్లు దెబ్బతిన్నాయి. నష్టపరిహారాల కేసులు, దానికి తోడు 1893 ఆర్థిక సంక్షోభం. పని ఆగిపోయింది, గుంత అలాగే మిగిలింది.

1902లో ఆగస్ట్ బెల్మాంట్ దాన్ని కొన్నాడు. 1907కి సొరంగం పూర్తయింది, ట్రాలీ కార్లు, అంటే కరెంటు ట్రాములు, ట్రయల్ కూడా నడిచాయి. కానీ నడిపే హక్కుల మీద సిటీతో పేచీ వచ్చి ఏళ్ల తరబడి ఖాళీగా పడుంది. చివరికి 1913లో సిటీ కొని, సబ్‌వే రైళ్లకి తగ్గట్టు మార్చి, 1915 జూన్ 22న తెరిచింది. ఐక్యరాజ్యసమితి భవనం ఎదురుగా నదిలో చిన్న దీవి కనిపిస్తుంది చూశారా? ఆ సొరంగం తవ్విన మట్టి, రాయి పోస్తే ఏర్పడినదే. ట్రాలీల కోసం తవ్వింది కాబట్టి లోపల వాలు బాగా నిటారు, వెడల్పు తక్కువ. మొదట్లో దీనికోసం ప్రత్యేకంగా రైలు పెట్టెలు చేయించాల్సి వచ్చింది.

ఇప్పుడు నా పాయింట్. ఈయన ప్రైవేటు డబ్బుతో కట్టిద్దామన్న సబ్‌వేకి పాటగాడు రాలేదు. ఈయన ప్రైవేటు డబ్బుతో మొదలుపెట్టిన సొరంగం సగంలో ఆగింది. రెండింటినీ చివరికి జనం డబ్బే నిలబెట్టింది. అయినా ఆ కమిషన్ చేసిన సర్వేలు, రూట్లు వృథా పోలేదు, 1904 సబ్‌వేకి అవే ఆధారం. అందుకని సేవా, వ్యాపారమా అని అడిగితే నేను ఇంకో ప్రశ్న వేస్తాను. ఆయనకి వ్యాపారం మీద ఉన్న నమ్మకమే తప్పు అంచనా కదా?

యూనియన్_మాట

@కాంక్రీట్_బాబు గారూ, ఇది నాకు తట్టలేదు. థాంక్స్. అయితే ఒకటి చూడండి. సబ్‌వే కమిషన్‌కి అధ్యక్షుడు, నదికి అవతల గుర్రపు ట్రాముల కంపెనీ తనది, మధ్యలో సొరంగం కంపెనీలో వాటా తనది, సొరంగం దాటాక అమ్మకానికి ఉన్న స్థలాలూ తనవే. ఈ రోజుల్లో అయితే పేపర్లు ఊరుకుంటాయా?

చరిత్ర_పిచ్చి

ఊరుకోవు. అప్పుడు మాత్రం ఇది మామూలు. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క బండిలో వెళ్లేవి. ఎదుటివాళ్లూ అంతే. లాంగ్ ఐలాండ్ సిటీ అప్పట్లో సొంత మేయర్ ఉన్న వేరే ఊరు, 1898లోగానీ న్యూయార్క్‌లో కలవలేదు. అక్కడి మేయర్ ప్యాట్రిక్ గ్లీసన్‌కి కూడా ట్రాముల వ్యాపారం ఉండేది. బ్యాటిల్ యాక్స్ గ్లీసన్ అనేవాళ్లు. రైల్వే కంపెనీ వీధికి అడ్డంగా కంచె కడితే మేయర్‌గారే గొడ్డలి తీసుకుని వెళ్లి నరికేశాడట, పేరు అలా వచ్చింది. జనం దాన్నీ ప్రజాసేవే అనుకున్నారు!

అలాంటి చోట విలియం గొడ్డలి పట్టలేదు, కాగితం పట్టాడు. మేయర్‌గా నిలబడమని అడిగినా ఒప్పుకోలేదు. అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌కి దగ్గరి మనిషి, 1886లో ఆయన పెళ్లికి కానుకగా గ్రాండ్ పియానో పంపాడు. ఎన్నికలకి నిలబడకుండా కమిటీల్లో కూర్చుని పని నడిపించే రకం. నాకైతే ఈ రకం మనుషుల మీద ఎప్పుడూ కాస్త అనుమానమే, కానీ గ్లీసన్ పక్కన పెట్టి చూస్తే విలియమే నయం.

సరిగమ

బీచి గురించి ఎవరూ చెప్పలేదు. 1886లో బీరు వ్యాపారి జార్జ్ ఎరెట్‌తో కలిసి బవరీ బే ఒడ్డున పార్కు, స్నానాలు, బీరు తోటలు పెట్టారు. తరవాత దాని పేరు నార్త్ బీచ్ అయింది. ఎరెట్ కూడా జర్మనీ నుంచి వచ్చినవాడే. వారమంతా పదేసి గంటలు చేసే పనివాడు ఆదివారం పెళ్లాం పిల్లల్తో గడపడానికి ఒక చోటు. అక్కడికి వెళ్లాలంటే ఎవరి ట్రాము ఎక్కాలో చెప్పక్కర్లేదు. మద్యనిషేధం వచ్చాక ఆ బీచి పడిపోయింది. ఆ స్థలంలో ముందు చిన్న ఎయిర్‌పోర్టు, 1939లో ఇప్పటి లాగార్డియా వచ్చాయి. మీరెప్పుడైనా లాగార్డియాలో ఫ్లైట్ లేటై కూర్చున్నారంటే ఆ బీరు తోటల చోటే!

బెజవాడ_బుల్లోడు

మోడరేటర్ గారూ, ఇది అడగొచ్చనుకుంటా 🙂 బెంజ్ కార్లకీ ఈయనకీ ఏదో లింకుందని విన్నా?

కాంక్రీట్_బాబు

ఉంది. డైమ్లర్‌తో, అదే తరవాత బెంజ్‌తో కలిసిన కంపెనీతో. ఇంజిన్ల నిపుణుడు విల్‌హెల్మ్ మైబాక్ సోదరుడొకాయన స్టైన్‌వే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆ పరిచయంతో 1888లో విలియం జర్మనీ వెళ్లినప్పుడు గాట్‌లీబ్ డైమ్లర్‌ని కలిసి, అమెరికాలో ఇంజిన్లు చెయ్యడానికి హక్కులు తీసుకున్నాడు. అస్టోరియాలో డైమ్లర్ మోటార్ కంపెనీ పెట్టాడు. ఎక్కువగా పడవల ఇంజిన్లు చేశారు. లాభాలు రాలేదు. విలియం పోయాక అమ్మేశారు. ఓ ఇరవై ఏళ్లు తొందరపడ్డాడు అంతే.

క్వీన్స్_గోదారోడు

దానికి ఆయన కుటుంబం మూల్యం చెల్లించింది కూడా. 1896 నవంబర్ 30న గ్రామర్సీ పార్క్ ఇంట్లో టైఫాయిడ్‌తో చనిపోయాడు, 61 ఏళ్లు. పియానోల మీద వచ్చిన డబ్బంతా ట్రాములు, సొరంగం, ఇంజిన్లు, భూములు, ఇలా పియానో కాని వాటిల్లో ఇరుక్కుపోయింది. ఆస్తి లెక్కలు చూస్తే అప్పుల చిక్కులే. కుటుంబానికి ఆ ముడులు విప్పడానికి చాలా కాలం పట్టింది.

@యూనియన్_మాట అన్నా, స్వార్థం కోసమే చేసి ఉంటే ఇంత చెడ్డ లెక్క ఎలా వేశాడు?

యూనియన్_మాట

లాభం రాకపోతే సేవ అయిపోతుందా? నష్టపోయిన వ్యాపారం కూడా వ్యాపారమే 🙂

కానీ ఒక్కటి ఒప్పుకుంటా. కమిషన్‌లో మూడు నాలుగేళ్లు కూర్చుని చేసిన పని ఫలితం ఆయన కళ్లతో చూడలేదు, డబ్బూ రాలేదు. బెంచీ మీద నుంచి వచ్చినవాడికి ప్లాన్లు చదివే ఓపిక ఉంటుంది. ఆ కమిషన్‌లో బ్యాంకర్లని మాత్రమే కూర్చోబెట్టి ఉంటే ఆ సర్వేలు అంత వివరంగా వచ్చేవి కావేమో. బడిలో సంగీతం టీచర్ విషయంలోనూ నాకు పేచీ లేదు. 1872 పోలీసుల సంగతి మాత్రం మాఫీ చెయ్యను.

చెక్కపని

ఇద్దరూ ఇంకా కొట్టుకోండి, నాకు వేరే పని ఉంది. ఈ శీతాకాలం న్యూయార్క్ వస్తున్నా. ఆ పాత ఊళ్లో ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలిందా? ఫ్యాక్టరీలో రిమ్ (పియానో చుట్టూ ఉండే వంపు చెక్క గోడ) వంచే పని చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మేపుల్ పొరలు జిగురుతో అంటించి ఒక్క ముక్కగా ప్రెస్సు చుట్టూ వంచుతారు, 1880లో థియొడోర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి.

క్వీన్స్_గోదారోడు

ఫ్యాక్టరీ ఇంకా అస్టోరియాలోనే ఉంది, పియానోలు అక్కడే చేస్తున్నారు. టూర్లు ఏ రోజుల్లో ఉంటాయో ముందు వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి, ఊరికే వెళ్తే లోపలికి రానివ్వరు. N గానీ W గానీ ఎక్కి చివరి స్టేషన్ డిట్మార్స్‌లో దిగండి. డిట్మార్స్ బులెవార్డ్ పట్టుకుని తూర్పుగా నడిస్తే 41వ స్ట్రీట్ మూల మీద స్టైన్‌వే రిఫార్మ్డ్ చర్చి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఉత్తరంగా 20వ అవెన్యూ దాకా వెళ్తే ఆనాటి ఎర్ర ఇటుక ఇళ్ల వరసలు కొన్ని ఉన్నాయి, జనం కాపురాలుంటున్నారు కాబట్టి ఫొటోలు కాస్త చూసుకుని తీసుకోండి. స్టైన్‌వే మాన్షన్ కూడా దగ్గరే, 1967 నుంచి సిటీ ల్యాండ్‌మార్క్, కానీ ప్రైవేటు ఆస్తి. గేటు బయట నుంచే చూడాలి. జనవరిలో అయితే నీటి మీద నుంచి గాలి చంపేస్తుంది, మంకీ క్యాప్ తెచ్చుకోండి. వచ్చే ముందు ఇక్కడో మెసేజ్ పెడితే నేనూ వస్తా.

యూనియన్_మాట

నేనూ వస్తా. ఇటుక ఇళ్ల ముందు నిలబడి మిగతా వాదన పూర్తి చేద్దాం.